కీలెరిగి వాత

మా ఇంట్లో ఒక పాత 200 పేజీల నోటుబుక్కు ఉంది. ముందు నుంచి తెరిస్తే మా అమ్మ చెబుతుంటే నేను రాసిన ఆవకాయ కొలతలు, చేపల పులుసులో మామిడికాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలో, సున్నుండలకు బెల్లం ఎంతో. తిప్పి వెనక నుంచి తెరిస్తే ఒక పేజీలో "సీసం 2 పాళ్ళు, తగరం 1 పాలు, పొట్టేలు కొవ్వు తగినంత" అని ఉంటుంది. అదీ నా చేతిరాతే. పెళ్ళయిన కొత్తలో మా ఆయన అది చూసి, ఇది ఏ ఊరి పచ్చడి అని అడిగాడు.

కృష్ణపట్నం పచ్చడి అన్నాను. అప్పటికి అంతకంటే చెప్పే ఓపిక లేదు. ఇప్పుడు చెబుతాను.

1994 వేసవి. పదో తరగతి పరీక్షలు రాసి, రిజల్ట్స్ టెన్షన్‌తో ఇంట్లో కూర్చున్నాను. నెల్లూరు దగ్గర ముత్తుకూరులో రోడ్డు పక్కన మా నాయనకు వెల్డింగ్ షాపు ఉండేది. గేట్లు, కిటికీ ఊచలు, ట్రాక్టర్ ట్రాలీలు. రొయ్యల గుంటలు జోరుగా తవ్వుతున్న రోజులు కాబట్టి నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు, మోటార్ల ఫ్రేములు కూడా వచ్చేవి. మధ్యాహ్నం క్యారియర్ తీసుకుపోవడం నా పని. నాయన తిన్నంతసేపూ అక్కడ వేపచెట్టు కింద కూర్చుని, ఖాళీ క్యారియర్‌తో తిరిగి రావాలి.

అట్లా ఒకరోజు వెళ్ళేసరికి షాపు ముందు కెప్టెన్ సారు ఉన్నాడు. ఆయన కెప్టెన్ కాదు. సరుకు ఓడల్లో ఇంజన్ రూములో పనిచేసి రిటైరై సొంతూరు వచ్చిన మనిషి. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు. మా వైపు ఓడెక్కి దిగిన ప్రతివాడూ కెప్టెనే.

"కీల్ దెబ్బతింది. నువ్వొచ్చి చూడాలయ్యా" అంటున్నాడు.

"ఏ కీలు సారూ? గేటుదా?" అన్నాడు నాయన, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

"గేటుది కాదు, పడవది."

"పడవకు కీళ్ళేంది సారూ!"

ఈ తికమక తేలడానికి పావుగంట పట్టింది. ఆయన మద్రాసులో ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. 24 అడుగులు, ఫైబర్‌ది. సరదాగా నడుపుకునే రకం. హార్బర్ దగ్గర గట్టు రాళ్ళకు కొట్టుకుని అడుగు దెబ్బతింటే చవకగా అమ్మేశారు. దాన్ని లారీ మీద కృష్ణపట్నం తెప్పించి, ఉప్పుటేటి గట్టున వెదురు, సరుగుడు దుంగల ఊతమిచ్చి నిలబెట్టాడు. ఆ పడవ కడుపు కింద రెక్కలాగా వేలాడుతుండే సీసం దిమ్మ పేరు కీల్. ఆ దిమ్మకు దెబ్బ తగిలింది. నాయన మాత్రం చివరిదాకా దాన్ని కీలు అనే అన్నాడు. "కీలెరిగి వాత పెట్టమన్నారు గదా సారూ, ముందు కీలు చూద్దాం పదండి" అని చేయి కడుక్కుని లేచాడు. సైకిల్ వెనక నేనూ కూర్చున్నాను. ఎవరూ రావద్దనలేదు.

అప్పటి కృష్ణపట్నం గురించి రెండు ముక్కలు. కండలేరు వచ్చి సముద్రంలో కలిసే చోట పోర్టు అని పేరు ఉన్నా, మాకు కనిపించేది లైట్‌హౌసు, ఇసుక, సరుగుడు తోపులు, చేపలు పట్టేవాళ్ళుండే పట్టపుపాళెం గుడిసెలు, ఆరబెట్టిన వలలు, ఎండుచేపల వాసన. ఇప్పుడున్న పెద్ద పోర్టు 2008లో మొదలైంది. ఇప్పుడు అటు పోతే కన్వేయర్లు, బొగ్గు గుట్టలు, లారీల వరస. మా పడవ నిలబడిన చోటు ఎక్కడో నేను చూపించలేను.

పాళెం వాళ్ళకు ఆ పడవ పెద్ద వింత. సముద్రం మీద పుట్టి పెరిగిన వాళ్ళు కదా, ఊరికే నోరు తెరుచుకుని చూసేవాళ్ళు కాదు, తప్పులు పట్టేవాళ్ళు. ఒక పెద్దాయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, సీసం దిమ్మను కాలితో తన్ని, "వలకు గుండ్లు కట్టేది మునగడానికి. పడవకు గుండు కట్టుకునే వాణ్ణి ఇప్పుడే చూస్తుండా" అన్నాడు.

కెప్టెన్ సారు నవ్వి, నా చేతికి ఆ నోటుబుక్కు ఇచ్చాడు. "నీ చేతిరాత బాగుందని మీ నాయన చెప్పాడు. చేసిన ప్రతి పనీ, కొలిచిన ప్రతి కొలతా రాయి. జీతం రోజుకు రెండు రూపాయలు." నా మొదటి ఉద్యోగం అది. అమ్మ ఆ పుస్తకాన్ని ఖాళీగా ఉండనియ్యకుండా ముందువైపు నుంచి ఆక్రమించింది.

మొదటి పేజీలో బరువులు రాశాను. దిమ్మ 450 కిలోలు. సీసం లీటరుకు 11 కిలోల పైన తూగుతుంది కాబట్టి అంతా కలిపి 40 లీటర్లు. అంటే మూడు బిందెల నీళ్ళు పట్టే జాగాలో పది కిలోల బియ్యం మూటలు నలభై అయిదింటి బరువు. గాలి తెరచాపను ఒకవైపుకు తోస్తుంటే, నీళ్ళలో ఈ బరువు పడవను నిలబెడుతుంది. రెక్కలాగా పల్చగా, లోతుగా ఉండటం వల్ల పడవ పక్కకు కొట్టుకుపోకుండా ముందుకే పోతుంది. ఇనుముతో కూడా చేస్తారట. కానీ సీసం అయితే అదే బరువు తక్కువ జాగాలో పడుతుంది, తుప్పు పట్టదు. పైగా రాయికి తగిలితే పగలదు, సొట్ట పోతుంది. దెబ్బ తాను తీసుకుంటుంది. "మెత్తనోళ్ళతో అదే సుఖం" అన్నాడు నాయన. ఎవరి గురించి అన్నాడో అడగలేదు.

దిమ్మ ముందుమూల, కిందివైపు, జానెడున్నర పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు, చోటుచోట అంగుళం పైన లోతుగా లేచిపోయింది. లేచిపోయిన సీసం కొంత రాళ్ళ దగ్గరే ఉండిపోయింది. మిగతాది అంచుల్లో పుట్టగొడుగులాగా బయటికి ఉబ్బింది. ఇది చూడటానికి భయంగా ఉంది గానీ, కెప్టెన్ సారు దాని వంక చూడనే లేదు. నిచ్చెన వేసుకుని పైకెక్కి, దిమ్మా పడవా కలిసే అతుకు దగ్గర వేలు పెట్టాడు. అక్కడ ముందువైపు వంకరగా ఒక బీట.

"దీన్ని నవ్వు అంటారు. పడవ నవ్విందంటే మనం ఏడవాలి" అన్నాడు.

ఆయన చెప్పింది ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టుంది. గోడకు కొట్టిన పొడవాటి మేకు బయటి కొనను ఒకపక్క నుంచి తోస్తే ఏమవుతుంది? గోడ దగ్గర తోసిన పక్క సందు తెరుచుకుంటుంది, రెండోపక్క గోడను నొక్కుతుంది. అట్లాగే దిమ్మ కింది ముందుమూల రాయికి కొట్టుకుంటే పైన ముందువైపు అతుకు విడిపోతుంది, వెనకవైపు పడవ అడుగును లోపలికి పొడుస్తుంది. కనిపించే గాయం ఒకచోట, అసలు గాయం ఇంకోచోట. అందుకని లోపలికి దూరి వెనకవైపు అడుగంతా సుత్తి పిడితో వాయించుకుంటూ పోయాడు. నాయనా వెనకే దూరాడు. టంగు టంగుమని మోగుతూ మోగుతూ ఒకచోట మొద్దుగా పలికింది. సంతలో కుండ కొనేటప్పుడు వేళ్ళతో వాయిస్తామే, బీటకుండ పలికినట్టు. అక్కడ ఫైబర్ పొరలు విడిపోయాయి. అరచేతి వెడల్పే. దాన్ని కోసి, కొత్త పొరలు అంటించే పని కెప్టెన్ సారు తానే చేసుకున్నాడు. ఆ వాసనకు నాకు తలనొప్పి వచ్చేది, దాని గురించి పుస్తకంలో పెద్దగా లేదు.

దిమ్మను దింపడానికి మూడు రోజులు. అయిదు బోల్టులు. నట్లకు కిరసనాయిలు పోసి నానబెట్టి, నాలుగడుగుల పైపు తొడిగిన రెంచితో తిప్పితే నాలుగు కదిలాయి. అయిదోది తలవంచలేదు, కోసేశారు. పడవను బరువులెత్తే చైన్‌బ్లాకుతో జానెడు లేపి దిమ్మను ఇసుక మూటల మీద పడుకోబెట్టాక చూస్తే, కోసిన బోల్టు సరిగ్గా అతుకు దగ్గర పెన్సిలంత సన్నమై ఉంది. పైనా కిందా మిలమిలలాడుతోంది, నడుము దగ్గర తినేసింది. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదని కదా మనం గిన్నెలు కొనుక్కుంటాం. గాలి తగలని సందులో ఉప్పునీళ్ళు చేరి నిలిస్తే అదీ తినేస్తుందట. నాయన దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఆ తర్వాత మా ఇంట్లో స్టీలు బకెట్ అడుగు పట్టీని కూడా అనుమానంగా చూసేవాడు.

కొత్త బోల్టు మద్రాసు ప్యారిస్ కార్నర్ బజారు నుంచి వచ్చింది. నెల్లూరులో దొరికే రకం సారుకు నచ్చలేదు. దిమ్మ పక్క నుంచి కిటికీ లాగా చిన్న గూడు తొలిచి, పై నుంచి బోల్టు దించి, గూట్లో మందమైన వాషరు, నట్టు బిగించి, గూడు మళ్ళీ పూడ్చాలి. సీసానికి డ్రిల్ వేస్తే పొడి రాలదు, మెలికలు మెలికలుగా జంతికల్లాగా వస్తుంది. మధ్య మధ్యలో ఆపి చల్లార్చకపోతే బిట్‌కు పట్టుకుంటుంది. ఉబ్బిన అంచులను కొయ్య సుత్తితో కొట్టి లోపలికి తోశారు. మిగిలినదాన్ని చిత్రిక పట్టారు. అవును, వడ్రంగి చిత్రికే. మా ఊరి వడ్రంగి ముందు వినగానే కొట్టినంత పని చేశాడు. "కొయ్య కోసే చిత్రికను లోహం మీద పెట్టమంటావా?" అని. తర్వాత నాయన పాత బ్లేడు ఒకటి సంపాదించి, కొవ్వొత్తి రాసి పడితే వేపకొయ్య కంటే సులువుగా లేచింది. ఆ వెండి చుట్టలు పట్టుకుని చూడాలని నాకు చేతులు దురద పెట్టేవి.

పట్టుకోనివ్వలేదు. కెప్టెన్ సారుకు సీసం అంటే మహా పట్టింపు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలి, పొడి ఎగరకుండా నీళ్ళతో తడిపి రుద్దాలి, చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడిగాకే అన్నం, బీడీ. పని బట్టలు ఇంటికి పోకూడదు. పిల్లలు గాలికి ఎగువన ఉండాలి. నా చెట్టు కింద నుంచి అడుగు ముందుకు వేస్తే కేకలే. నాయన ఆయన ముందు తల ఊపి, సాయంత్రం ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుని "బెల్లం తింటే అంతా కడుక్కుని పోద్ది" అనేవాడు. పోదు. ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు ఇద్దరిలో ఎవరిది చాదస్తమో తేల్చుకోలేకపోయాను, నాయన పక్షమే అనుకుంటా.

ఇక గాయం పూడ్చడం. నాయన ధీమా చెప్పనలవి కాదు. "సీసమే గదా సారూ. కరిగించి పోస్తే సరి." పెద్ద ఇనప మూకుట్లో సీసం కరిగించాడు. గుంట చుట్టూ మట్టి కట్ట కట్టి ఆరబెట్టి, గుంట పైకి ఉండేట్టు దిమ్మను తిప్పి, పోశాడు. అద్దంలాగా మెరుస్తూ నిండింది. అందరం చప్పట్లు కొట్టాం. అమ్మ ఆ రోజు సాయంత్రం కానగంతల పులుసు పెట్టింది.

తెల్లారి నాయన సుత్తితో ఒక్కటి తట్టాడు. మొత్తం ముక్క పెనం మీది అట్టు లేచినట్టు లేచి ఇసుకలో పడింది.

ఆయన మొహం నాకు ఇంకా గుర్తే. ఇనుము అతకడంలో నెల్లూరు దాకా పేరున్న మనిషి. కారణం తర్వాత తెలిసింది. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది, అదేం పెద్ద వేడి కాదు. కానీ అడుగున ఉన్న దిమ్మ 450 కిలోలు. పోసింది అయిదారు కిలోలు. ఆ కాస్త వేడినీ దిమ్మ ఒక్క గుక్కలో తాగేసింది, తన పైపొర మాత్రం కరగలేదు. పైగా గీకిన సీసం తళతళా మెరిసి గంటలోనే మసకబారుతుంది కదా, ఆ మసక పొర అడ్డం. పోసిన సీసం దిమ్మను అంటుకోలేదు, దాని మీద కూర్చుంది, అంతే. టార్చితో దిమ్మను వేడెక్కిద్దామని చూస్తే వేడి అంతా లోపలికి పారిపోతుంది. ఇంకాస్త పెంచితే అంచు ఉన్నట్టుండి జారిపోతుంది. ఇనుము ఎర్రబడి హెచ్చరిస్తుంది. సీసం ఏ రంగూ మారకుండా కాలువై పారుతుంది.

రెండు రోజులు ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. మూడో రోజు నాయన నన్ను వెనక కూర్చోబెట్టుకుని సైకిల్‌ను సాయిబు తాత ఇంటి వైపు తిప్పాడు.

సాయిబు తాత కళాయి వేసేవాడు. ఇత్తడి గిన్నెలకు, బిందెలకు. మా చిన్నప్పుడు వీధి చివర గుంట తవ్వి తోలు తిత్తి పెట్టి కూర్చుంటే, గిన్నెలో తగరం చుక్క వేసి నవాసారం చల్లి గుడ్డతో ఒక్క తిప్పు తిప్పగానే వెండిలా అయ్యేది. స్టీలు సామాన్లు వచ్చాక ఆ పని పోయింది. కొడుకు సైకిల్ షాపులో కూర్చుంటున్నాడు. తాత వయసులో ఉండగా మద్రాసులో సీసం గొట్టాలు అతికే ప్లంబర్ల దగ్గర కొన్నాళ్ళు ఉన్నాడని మా నాయనకు ఎవరో చెప్పారట.

"మామా, సీసం సీసానికి అంటుకోకుండా ఉండాది" అన్నాడు నాయన. ఓడిపోయానని ఇంకో పనివాడి ముందు ఒప్పుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తాత నవ్వలేదు. "దేంతో కడిగినావు?"

"నవాసారం తెద్దామనుకుంటుండా."

"నవాసారం రాగికి, ఇత్తడికి అబ్బయ్యా. సీసానికి కొవ్వు."

మర్నాడు తాత కృష్ణపట్నం వచ్చాడు. ఆదివారం కొట్టిన పొట్టేలు కొవ్వు కరిగించి డబ్బాలో తెచ్చాడు. పని నా పుస్తకంలో వరసగా ఉంది. ముందు గుంట అంతా గీకి గీకి తెల్లగా మెరిసేట్టు చెయ్యడం. గీకిన చోట గీకినట్టే కొవ్వు రాయడం, గాలి తగలనివ్వకుండా. తర్వాత సన్నటి మంటతో వెచ్చబెడుతూ, తగరం సీసం కలిసిన కడ్డీతో రుద్దడం. ఈ కలయికలో తమాషా ఉంది. విడివిడిగా సీసం 327 డిగ్రీలకు, తగరం 232 డిగ్రీలకు కరుగుతాయి. కలిపితే రెండింటికంటే ముందు, 183 దగ్గరే కరగడం మొదలుపెడతాయి. అందుకని దిమ్మ కరగకుండానే దాని ఒంటికి కళాయి పడుతుంది. ఒకసారి కళాయి పట్టిందంటే దాని మీద పోసింది ఇక ఊడదు.

పూడ్చడానికి రెండుపాళ్ళు సీసం, ఒకపాలు తగరం. ఈ పాళ్ళలో కలిపితే అది ఒక్కసారిగా గడ్డకట్టదు. నీరుగా మారేది 250 దాటాక, పూర్తిగా గట్టిపడేది 183కి దిగాక. ఆ మధ్యలో వెన్నముద్దలాగా ఉంటుంది. తాత అరచేతిలో నాలుగు మడతల మందపాటి గుడ్డ, దానికి కొవ్వు పట్టించి, ఎడమచేత్తో గరిటెతో పోస్తూ కుడిచేత్తో గోడకు సున్నం మెత్తినట్టు మెత్తేవాడు. వేడి చూడటానికి థర్మామీటరు ఏదీ లేదు. పేపరు ముక్క ముంచి తీసేవాడు. గోధుమరంగు వస్తే సరి. నల్లగా మాడితే ఎక్కువైనట్టు, తెల్లగా ఉంటే చాలనట్టు. ఆ పేపరు ముక్క ఒకటి నోటుబుక్కులో అంటించాను. ఇప్పుడు పేజీ అంతా అదే రంగుకు వచ్చేసింది.

ఇదంతా చెప్పినంత సాఫీగా సాగలేదు. నాయన మొదటిసారి పోసిన సీసం నెల్లూరు పాత ఇనప సామాన్ల కొట్లో కొన్నది, బ్యాటరీ పలకలది. యాసిడ్ తగిలిన సరుకు, కళాయికి పనికిరాదని తాత పక్కన పెట్టించాడు. తగరం చిన్నబజారులో దొరికింది, ధర విని కెప్టెన్ సారు కాసేపు కూర్చున్నాడు. మంచి సీసం కావాలంటే మళ్ళీ మద్రాసు పోవాలి. పౌర్ణమి పోటుకు పడవ నీళ్ళలో దించకపోతే ఇంకో పక్షం ఆగాలి.

అప్పుడు పాళెంలో ఒక అవ్వ వచ్చింది. మొగుడు పోయాక ఆయన వలలు చూరుకు వేలాడదీసి ఉంచుకున్న మనిషి. రోజూ మా పని చూసి పోయేది, ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ రోజు ఒడినిండా వల గుండ్లు తెచ్చి ఇసుకలో గుమ్మరించింది. గొట్టాల్లాగా చుట్టిన సీసం గుండ్లు, ఏళ్ళ తరబడి సముద్రంలో నానీ నానీ బూడిద రంగుకు వచ్చినవి. తూస్తే మూడు కిలోలు. ఆమెను చూసి ఇంకో ఇద్దరు తలా కిలో ఇచ్చారు. కెప్టెన్ సారు పర్సు తీశాడు.

"దుడ్లు వద్దు" అంది అవ్వ. "వలకు వాటా ఉంటది గదా? నా వల నీ పడవలోకి పోతుండాది. వాటా ఇయ్యి."

మా పాళేల్లో చేపలు పంచుకునేటప్పుడు మనుషులకే కాదు, పడవకు ఒక వాటా, వలకు ఒక వాటా తీస్తారు. ఆ లెక్కన ఆమె అడిగింది న్యాయమే. సారు చేపలు పట్టే మనిషి కాదు. అయినా సరేనన్నాడు.

ఆ గుండ్ల వల్లే నాయన చెయ్యి కాలింది. కరిగిన సీసంలోకి తడి పోకూడదు. చుక్క నీరు పోయినా ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని చిమ్మేస్తుంది. గుండ్లను ఎండలో ఒకరోజు ఉంచారు గానీ, ఒకదాని బొక్కలో ఇసుకా ఉప్పూ గట్టిపడి లోపల తేమ ఉండిపోయింది. నాయన దాన్ని మూకుట్లో వేశాడు. టప్‌మని చప్పుడు, గాల్లోకి వెండి చుక్కలు. గుడ్డ కట్టుకున్నందుకు మొహం తప్పించుకున్నాడు. కుడి మణికట్టు మీద రూపాయి బిళ్ళంత పడింది. నేను అరిచాను. ఆయన అరవలేదు. బిందెలో చెయ్యి పెట్టి, నా వైపు చూసి, "అమ్మణ్ణీ, రాసుకో. గుండ్లు ముందు పొయ్యి పక్కన కాల్చాలి" అన్నాడు. రాశాను. అక్షరాలు వంకరగా ఉంటాయి ఆ పేజీలో. ఆ వాత మచ్చ చివరిదాకా ఆయన చేతి మీద ఉంది. కీలుకు పెట్టబోయి నేనే పెట్టించుకున్నానని చెప్పుకుని నవ్వేవాడు.

గుంట పూడ్చడానికి రెండు రోజులు. తాత మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాడు. ముక్కుగుడ్డ ఎన్నిసార్లు కట్టినా జారిపోయేది, లేదా జార్చేవాడు. "నలభై ఏళ్ళుగా దీని పక్కనే ఉండా" అనేవాడు. గరిటె పట్టినప్పుడు తప్ప మిగతా వేళల్లో ఆయన చేతులు వణికేవి. అది వయసో సీసమో ఎవరూ పరీక్ష చేయించలేదు.

మూడో రోజు నాయన సుత్తి తీసుకుని తాత వంక చూశాడు. తాత కొట్టమన్నట్టు గడ్డం ఎత్తాడు. కొట్టాడు. గట్టిగా ఇంకోటి. ముక్క లేవలేదు. అదే దిమ్మ, ఒకే మోత.

తర్వాత పని త్వరగా అయింది. చిత్రిక పట్టి ఆకారం తెచ్చి, తీగ బ్రష్షుతో రుద్ది, మసక తిరక్కముందే ఎపాక్సీ అనే గట్టి జిగురు పూసి, ఆ తడి మీదే మళ్ళీ బ్రష్షుతో రుద్ది, దాని మీద లప్పం లాంటిది పెట్టి, పొడవాటి పలకకు తడిపి రుద్దే గరుకు కాగితం చుట్టి నున్న చేశారు. కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమితే ఎత్తుపల్లం తెలుస్తుంది, కళ్ళు తెరిస్తే తెలియదు. నాయన అట్లా కళ్ళు మూసుకుని ఎంతసేపు తడిమేవాడో. అతుకులో సీలెంట్ దట్టించి, పడవను దిమ్మ మీదికి దించి, నట్లు ఒక్కటే బిగించకుండా వంతులవారీగా తలా కొంచెం తిప్పుకుంటూ వచ్చారు. చుట్టూ అంతా సమానంగా సీలెంట్ బయటికి ఉబికిందాకా.

పౌర్ణమి పోటుకు పాళెం అంతా వచ్చింది. నాలుగడుగుల నీళ్ళుంటేనే తేలే పడవ అది. దుంగల మీద దొర్లిస్తూ, ఐలెస్సా అంటూ ఉప్పుటేట్లోకి దించారు. పెద్దాయన ఇంకా నమ్మలేదు. సారు తెరచాప స్తంభం కొనకు తాడు కట్టించి, నలుగురితో పక్కకు లాగించాడు. పడవ ఒరిగి ఒరిగి, కర్ర కొన నీళ్ళకు బారెడు దూరంలోకి వచ్చింది. "వదలండి" అన్నాడు. వదిలారు. అడుగున మట్టి పోసిన తిరణాల బొమ్మలాగా లేచి నిలబడింది.

సాయంత్రం దక్షిణపు గాలికి ఎదురు, వాలుగా ఇటు కొంత, వాలుగా అటు కొంత, పాము నడకలో పైకి పోయింది. అది చూసి మా నాయనమ్మ ఒక మాట అంది. మా తాత బకింగ్‌హామ్ కాలవలో పడవ నడిపినవాడు. మద్రాసుకు కట్టెలూ ఉప్పూ వేసుకుపోయేవాళ్ళు. 1876-78 నాటి ధాతు కరువులో కూలి కోసం జనం కొంత భాగం తవ్విన ఆ కాలవలో అడుగు బల్లపరుపుగా ఉండే పడవలు. వెనక గాలైతే చాప ఎత్తడం, ఎదురుగాలైతే గట్టెక్కి తాడు భుజాన వేసుకుని లాగడం. "మీ తాత భుజం మీద తాడు కాయ కాసి ఉండేది. ఇట్టాంటి గుండొకటి కట్టుకోని ఉంటే పోయేది గదరా" అంది నాయనతో. లోతులేని కాలవలో ఆ గుండు బురదలో దిగబడుతుందని ఆయన చెప్పలేదు. పెద్దాయన మాత్రం, "తెప్పకు పక్కన పలక దించుకుంటాం గదా, అదే ఇది. మనకు కొత్తేం కాదు" అని తేల్చేశాడు.

మా నాయన ఆ పడవ ఎప్పుడూ ఎక్కలేదు. ఈత రాదు, నీళ్ళంటే భయం. సారు ఎన్నిసార్లు పిలిచినా గట్టు మీదే కూర్చుని చూసేవాడు.

అవ్వ వాటా మాత్రం సక్రమంగా అందేది. సారు సముద్రంలోకి పోయిన ప్రతి రోజూ సాయంత్రం ఆమె గట్టు మీద బుట్టతో నిలబడేది. ఆయన వెనక గాలం వేసుకునేవాడు గానీ, పడింది తక్కువ. ఉత్త చేతులతో వస్తే ఆమె ముఖం చూడలేక, తిరిగి వచ్చే తెప్పల దగ్గర కొని తెచ్చి ఇచ్చేవాడు. ఒకసారి అవ్వ చేప మొప్ప ఎత్తి చూసి, "గాలానికి పడింది కాదే ఇది. వల గాటు ఉండాది" అంది. సారు నా వైపు చూశాడు. నేను పుస్తకంలో తల దూర్చాను. ఆమె చేప బుట్టలో వేసుకుని, "ఎవరి వలైతే ఏంలే, వాటా వాటానే" అని పోయింది.

అయిదేళ్ళు అట్లా జరిగింది. 1999లో సారుకు గుండె జబ్బు చేసి, పిల్లల దగ్గరికి పోతూ పడవ అమ్మేశారు. నేను అప్పుడు నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాను, సెలవులకు వచ్చి ఉన్నాను. లారీ వచ్చింది. సాయిబు తాత అప్పటికి లేడు. నాయన వెళ్ళి దిమ్మ ముందుమూల దగ్గర కూర్చుని, రంగు మీద అరచెయ్యి వేసి, కళ్ళు మూసుకుని తడిమాడు. అతుకు దొరకలేదని చెప్పాడు నాతో.

లారీ కదలబోతుండగా అవ్వ పరిగెత్తుకుంటూ వచ్చింది. డ్రైవర్ ఇంజన్ ఆపాడు. ఆమె చెయ్యి ఎత్తి దిమ్మను వేలి కణుపులతో రెండుసార్లు కొట్టింది, తలుపు తట్టినట్టు.

"కొన్నాయన యాడ?" అంది.

తమిళ అతను కిటికీలోంచి తొంగి చూశాడు.

"మూడు కేజీలు నావి. చెప్పండబ్బా ఆయనకు, తెలుగు రాదేమో."